ఫైలుకు పేరు ఎక్కడ ఉన్నది?

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రాత్రి మేము పనిచేయు గదిలో జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ ప్రసంగమును ప్రారంభింతుము.

ఒక వృద్ధ బుర్రకథకుని స్వగ్రామమునకు పోయి ఆయన చెప్పిన కథను మేము రికార్డు చేసితిమి. అది గంటసేపటి కథ. తరువాత కొలదికాలమునకే ఆయన గతించెను. ఆ కంఠము మరెక్కడను లేదు. దానిని లైనక్స్ వ్యవస్థతో నడచు ఒక కంప్యూటరులో ఫైలుగా ఉంచి, ఎవరును చేయిచేసికొనకుండుటకు ‘చదువుటకు మాత్రమే’ అను గుర్తు కూడ పెట్టి, నిశ్చింతగా ఉంటిమి.

ఆ రాత్రి హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఆ కథనే వినుచు, ఏ ఘట్టము ఎన్నవ నిమిషమున వచ్చుచున్నదో కాగితముమీద వ్రాసికొనుచుంటిమి. మధ్యలో డిస్కులో చోటు చాలదని కంప్యూటరు హెచ్చరించినది. పాత ఫైళ్లను ఏరి తీసివేయబూనితిమి. గుర్తుపెట్టిన ఫైలు వచ్చినప్పుడు యంత్రము ఒకమారు అడుగనే అడిగినది. తొందరలో ‘అవును’ అంటిమి. మరుక్షణమున జాబితా చూచుకొనగా బుర్రకథ లేదు. పొరపాటు కేవలము మాదే. చేతులు వణకినవి. ప్రక్కగదిలోని యువకుడైన సాంకేతిక సహాయకుని కేకవేసితిమి. అతడు పరుగున వచ్చి తెరవంక చూచి అన్న మొదటి మాట ఇది:

“సార్, మీరు వింటున్నది ఆపకండి! ఆ కిటికీ మూయకండి!”

చెవిలో ఇంకను కథ నడచుచునే ఉన్నది. అతడు రెండు మూడు పంక్తులు టైపు చేసెను. ఒక నిమిషములో గంటసేపటి కథయు చెక్కుచెదరక మరల జాబితాలో నిలిచినది. “ఎలా దొరికిందయ్యా? ఇప్పుడేగదా చెరిపేశాను!” అని అడిగితిమి. “మీరు చెరిపింది పేరును సార్, ఫైలును కాదు” అనెను.

ఆ మాటకు అర్థమేమో తెలిసికొనుటయే నేటి మా ప్రసంగవిషయము. ఇది కంప్యూటరు పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. శ్రోతలలో అనేకుల చేతిలోనున్న ఆండ్రాయిడ్ ఫోను లోపల పనిచేయునది లైనక్సే. మీ యింటి పెండ్లిఫొటోలు, మనుమల పలుకులు, గతించిన పెద్దల కంఠములు అందులో ఈ పద్ధతిననుసరించియే నిలిచియున్నవి.

మొదట డిస్కును గూర్చి ఒక మాట. ఫైల్ సిస్టమ్ డిస్కును సమానమైన చిన్న చిన్న గళ్లుగా భావించును. వీనికి బ్లాకులని పేరు. సాధారణముగా ఒక్కొక్క బ్లాకులో 4,096 బైట్లు పట్టును. సి.డి. నాణ్యతతో రెండు చానళ్లలో రికార్డు చేసిన శబ్దమునకు సెకనుకు 1,76,400 బైట్లు కావలయును. ఆ లెక్కను గంటసేపటి కథ సుమారు 63 కోట్ల 50 లక్షల బైట్లు. అనగా ఇంచుమించు 1,55,000 బ్లాకులు. ఇవి డిస్కులో ఒకేచోట వరుసగా ఉండవలెనను నియమము లేదు. మరి ఏ బ్లాకు తరువాత ఏ బ్లాకు చదువవలెనో, అవి ఎవరి సొత్తో చెప్పు చిట్టా ఎక్కడనో ఒకచోట ఉండవలెను గదా! ఆ చిట్టాయే ఐనోడ్. ప్రతి ఫైలుకును ఒక ఐనోడ్, ప్రతి ఐనోడ్‌కును ఒక నంబరు ఉండును.

మన పల్లెలలో ఒకే పొలమును ఒకరు ‘చింతచెట్టు చేను’ అందురు. మరియొకరు ‘గుడివెనుక చేను’ అందురు. రెవిన్యూ లెక్కలో మాత్రము దానికొక సర్వే నంబరుండును. విస్తీర్ణమెంత, పట్టాదారు ఎవరు అను వివరములన్నియు ఆ నంబరును పట్టియే నడచును. ఊరివారు పేరు మార్చినను పొలము మారదు. పేరు మరచినంతమాత్రాన పొలము మాయము కాదు. ఐనోడ్ నంబరు అట్టిది. అందులో ఫైలు ఏ జాతిది, సొంతదారు ఎవరు, ఎవరు చదువవచ్చును, ఎవరు వ్రాయవచ్చును, పరిమాణమెంత, చివరిసారి ఎప్పుడు మారినది, ఏయే బ్లాకులలో నున్నది అను సంగతులన్నియు ఉండును. ఒక్కటి మాత్రము ఉండదు. అది ఫైలు పేరు!

ఈ ఏర్పాటు పుట్టినది 1969లో, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మర్రేహిల్‌లోనున్న బెల్ ప్రయోగశాలలలో. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ, రడ్ కెనడే అను మువ్వురు నల్లబల్లలమీదను, చిత్తుకాగితములమీదను దీని రూపురేఖలను నిర్ణయించిరి. అంతగా ఉపయోగములో లేని పి.డి.పి.-7 అను చిన్న యంత్రముమీద థాంప్సన్ దీనిని మొదట నడపెను. యూనిక్స్ వ్యవస్థకు ఇదియే గుండెకాయ అయినది. రేడియోవారికి రుచించు ముచ్చట యొకటి ఇందు కలదు. ఒకనాడు చర్చ ముగిసిన పిదప కెనడే టెలిఫోను తీసి, చెప్పినదానిని టైపు చేసి పంపు సంస్థాంతర్గత సేవకు ఆనాటి నిర్ణయములను చదివి వినిపించెను. మరునాడు వచ్చిన ప్రతిలో సాంకేతిక పదములన్నియు వింతగా మారిపోయినవట. ‘ఐనోడ్’ అను మాట ‘కన్ను’ అను ఇంగ్లీషు మాటతో ఆరంభమై వచ్చినదట! చెవి విన్నదానిని చేయి మరియొకటిగా వ్రాయుట మాకును అనుభవములోనిదే. ఆ పదములోని మొదటి అక్షరమునకు అర్థమేమని తరువాత రిచీని అడుగగా, ‘విషయసూచిక’ అను అర్థము కావచ్చునని ఊహించెనే కాని నిశ్చయముగా చెప్పలేకపోయెను. పేరు ఎట్లు వచ్చినను వస్తువు మాత్రము అర్ధశతాబ్దమునకు మించి నిలిచినది.

ఫైలు పేరు ఐనోడ్‌లో లేకున్నచో మరెక్కడ ఉన్నది? డైరెక్టరీలో ఉన్నది. డైరెక్టరీ అనగా ఫైళ్లను నింపిన పెట్టె యని మనము భావింతుము. నిజమునకు అదియు ఒక ఫైలే. అందులోనున్నది రెండు వరుసల పట్టిక. ఒక వరుసలో పేరు, దానికెదురుగా ఐనోడ్ నంబరు. 1974లో థాంప్సన్, రిచీలు యూనిక్సును గూర్చి ప్రకటించిన ప్రసిద్ధవ్యాసము నాటికి పేరునకు 14 అక్షరములే హద్దు. 1983లో బర్క్‌లీ విశ్వవిద్యాలయము వెలువరించిన యూనిక్సులో అది 255కు పెరిగినది.

‘హోమ్’ లోపల ‘కథలు’, అందులో ‘బుర్రకథ’ అను ఫైలును తెరువుమని మనము అడిగితిమనుకొందము. యంత్రము మొట్టమొదట మూల డైరెక్టరీని చూచును. లైనక్సులో విరివిగా వాడు ఎక్స్‌ట్ కుటుంబపు ఫైల్ సిస్టములలో మూలమునకు ఎల్లప్పుడును 2వ నంబరు ఐనోడ్. ఆ పట్టికలో ‘హోమ్’ అను పేరునకెదురుగా నున్న నంబరు చూచి ఆ ఐనోడ్‌కు పోవును. అందలి పట్టికలో ‘కథలు’ వెదకి, దాని నంబరు పట్టుకొని మరియొక ఐనోడ్‌కు పోవును. అక్కడ ‘బుర్రకథ’ నంబరు దొరకును. ఆ నంబరుగల ఐనోడ్‌ను చూచినప్పుడు గాని బ్లాకుల జాడ తెలియదు. పేరడిగి నంబరు, నంబరడిగి పట్టిక—ఈ విధముగా ఊరూరు దాటి పోవు బాటసారివలె యంత్రము గమ్యమును చేరును.

విండోసులోవలె ‘సి’, ‘డి’ అను వేరువేరు డిస్కుల అక్షరములు ఇక్కడ లేవు. వృక్షము ఒక్కటే. మరియొక డిస్కును తగిలించినచో దానిని ఈ వృక్షపు కొమ్మయొకదానికి, మామిడికి అంటుకట్టినట్లు, అంటుకట్టుదురు. బాటసారికి తాను ఒక డిస్కునుండి మరియొక డిస్కులోనికి అడుగిడినట్లే తెలియదు.

పేరు వేరు, వస్తువు వేరు అయినందున ఒకే ఫైలునకు రెండు పేర్లుండవచ్చును. ‘గ్రామములు’ అను డైరెక్టరీలో ఊరిపేరున ఒకటి, ‘కళాకారులు’ అను డైరెక్టరీలో కథకుని పేరున ఒకటి వ్రాసి, రెంటికెదురుగను ఒకే నంబరు వేసిన చాలును. వీనిలో ఒకటి అసలు, ఒకటి నకలు అను భేదము లేదు, రెండును సమానమే. ఇట్టిదానిని లంకె యందుము. తనకు ఎన్ని పేర్లున్నవో ఐనోడ్ లెక్క ఉంచుకొనును. అయితే ఒక గ్రామపు సర్వే నంబరు మరియొక గ్రామములో చెల్లనట్లే, ఒక ఫైల్ సిస్టములోని నంబరు మరియొకదానిలో చెల్లదు. అందుచే ఈ లంకె ఒక్క ఫైల్ సిస్టములోనే సాధ్యము. అవతలిదానికి దారి చూపవలెనన్న ‘ఫలానా చోట చూడుడు’ అని పేరుమాత్రము వ్రాసిపెట్టిన చీటీవంటి మరియొక లంకె కలదు. అవతల పేరు మారెనా, ఆ చీటీ దారి తప్పిన ఉత్తరమువలె మిగిలిపోవును.

ఇప్పుడు మా రాత్రి కథకు వత్తము. ఫైలును తీసివేయుటకు యూనిక్సులో లోపల జరుగు క్రియపేరు ‘అన్‌లింక్’, అనగా లంకె విప్పుట. చంపుట, చెరుపుట అనుటలేదు. ముడి విప్పుట అనియే అనుచున్నారు. డైరెక్టరీ పట్టికనుండి ఆ పేరు తొలగును. ఐనోడ్‌లోని లంకెల లెక్కలో ఒకటి తగ్గును. అది సున్న అయినను, ఏదేని ఒక ప్రోగ్రాము ఆ ఫైలును తెరచి పట్టుకొనియున్నంతవరకు ఫైలు నశింపదు. చివరి పేరు పోవలెను, చివరి చేయి విడువవలెను. అప్పుడు గాని ఆ ఐనోడ్, ఆ బ్లాకులు ఖాళీ లెక్కలో చేరవు. మేము వినుచున్న ప్రోగ్రాము ఆ ఫైలును విడువలేదు. పేరులేని ఆ ఫైలు, ఊరిలో అందరును మరచినను దున్నువాడొకడున్న చేనివలె, ప్రాణముతో నిలిచియున్నది. మేము ఆ కిటికీ మూసియుండినచో అదియే దాని తుది ఘడియ!

లైనక్సులో ‘ప్రాక్’ అను ఒక విచిత్రమైన డైరెక్టరీ కలదు. అందలి ఫైళ్లు డిస్కుమీద లేవు. నడచుచున్న ప్రోగ్రాములను గూర్చి అడిగినప్పుడు వ్యవస్థ అప్పటికప్పుడు చెప్పు సమాధానములే ఫైళ్లవలె కనబడును. ఏ ప్రోగ్రాము ఏయే ఫైళ్లను తెరచియున్నదో అక్కడ చూడవచ్చును. ఆ దారిని లోపలికిపోయి చదువవచ్చును. మా యువకుడు ఆ దారినే పోయి, పేరులేని ఫైలులోని సరుకునంతయు ఒక క్రొత్త ఫైలులోనికి ఎత్తిపోసికొనెను.

‘చదువుటకు మాత్రమే’ అను మా గుర్తు ఎందుకు కాపాడలేదని శ్రోతలకు సందేహము రావచ్చును. ఆ గుర్తు ఐనోడ్‌లో ఉన్నది. ఫైలులోని సరుకును మార్చకుండ అడ్డుపడును. పేరు ఉన్నది డైరెక్టరీలో. పేరు తీసివేయుట డైరెక్టరీని మార్చుట యగును. డైరెక్టరీలో వ్రాయు అధికారము మాకుండెను. పెట్టెకు తాళము వేసి, పెట్టె పేరున్న చిట్టాను వీధిలో విడిచినట్లు మేము చేసితిమి. అనేకులు ఈ విషయముననే మోసపోవుదురు.

పేర్ల సంగతి ఇట్లుండగా, లక్షన్నర బ్లాకుల చిరునామాలు చిన్న ఐనోడ్‌లో ఎట్లు పట్టును? 1993లో వెలువడిన ఎక్స్‌ట్2 లో ఈ చిక్కును తీర్చిన విధము సొగసైనది. ఐనోడ్‌లో మొదటి 12 బ్లాకుల చిరునామాలు నేరుగా ఉండును. పదమూడవ చిరునామా సరుకుగల బ్లాకును చూపదు. 1,024 చిరునామాలుగల ఒక బ్లాకును చూపును. పదునాల్గవది అట్టి 1,024 పట్టికలను చూపు పట్టికను, పదునైదవది అంతకు మరియొక మెట్టు పైదానిని చూపును. మా కథకు అన్వయించి చెప్పుదుము. మొదటి 12 బ్లాకులలో పట్టునది సెకనులో మూడవవంతు కూడ కాదు; తంబుర ఒకమారు మీటుటకే చాలదు. పదమూడవ చిరునామాతో మరి 24 సెకనులు, ప్రార్థనలో మొదటి చరణము. పదునాల్గవదానితో ఆరుగంటలు దాటును. తెల్లవార్లును కథ చెప్పవచ్చును. చిన్న ఫైలుకు ఒక్క అడుగు, పెద్ద ఫైలుకు మూడు నాలుగు అడుగులు. ఎవరికిని అనవసరమైన బరువు లేదు. 2008లో స్థిరపడిన ఎక్స్‌ట్4 లో దీనిని మార్చి, ‘ఫలానా బ్లాకునుండి వరుసగా ఇన్ని’ అని ఒకే పంక్తిలో వ్రాయుచున్నారు. ఒక్కొక్క పంక్తి 128 మెగాబైట్లవరకు చెప్పగలదు. చోటు వరుసగా దొరికినచో మా గంట కథ అయిదు పంక్తులలో ముగియును.

లైనక్సు చరిత్రను క్లుప్తముగా చెప్పుదుము. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దీనిని ఆరంభించినప్పుడు, బోధనకొరకు ఆండ్రూ టానెన్‌బామ్ వ్రాసిన మినిక్స్‌లోని ఫైల్ సిస్టమునే వాడుకొనెను. అందులో 64 మెగాబైట్లకు మించిన డిస్కు పనికిరాదు; పేరునకు 14 అక్షరములే. 1992లో రెమీ కార్డ్ వ్రాసిన క్రొత్త ఫైల్ సిస్టము ఈ ఇరుకును తొలగించినది. ఎక్స్‌ట్ కుటుంబమునకు అదియే ఆది. 2001లో లైనక్సులో చేరిన ఎక్స్‌ట్3 జర్నలును తెచ్చినది. జర్నలన్నది చేయబోవు మార్పును ముందుగా వ్రాసికొను దినచర్యవంటిది. ఒక ఫైలును సృష్టించుటలో ఐనోడ్, డైరెక్టరీ, ఖాళీ బ్లాకుల లెక్క అన్నియు మారవలెను. సగములో కరెంటు పోయినచో లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. పూర్వము మరల దీపము రాగానే డిస్కునంతయు వెదకి సరిచూచుకొనవలసి వచ్చెడిది. ఇప్పుడు ఆ దినచర్యను చదివి, పూర్తిగా వ్రాసిన మార్పును ముగించి, సగము వ్రాసినదానిని విడిచిపెట్టును. కాని జర్నలు సాధారణముగా కాపాడునది లెక్కలను; కరెంటు పోకముందు మీరు వ్రాసిన చివరి పంక్తికి అది పూచీపడదు.

మన భాషకు సంబంధించిన సంగతి యొకటి చెప్పుట ఉచితము. లైనక్సులో సాధారణముగా ఫైలు పేరునకు 255 బైట్లు హద్దు. పేరులో వాలుగీతయు, శూన్యమైన బైటును తప్ప మరేదియైనను ఉండవచ్చును. అది ఏ భాషయో వ్యవస్థ విచారింపదు. అందుచే పేరును తెలుగులోనే పెట్టవచ్చును. అయితే యు.టి.ఎఫ్.-8 అను లిపి సంకేతములో ప్రతి తెలుగు సంకేతమునకును, గుణింతపు గుర్తుకును గూడ, మూడేసి బైట్లు కావలెను. ‘వాణి’ అను మాటకు వకారము, దీర్ఘము, ణకారము, గుడి—నాలుగు సంకేతములు, 12 బైట్లు. 255లో అట్టివి 85 పట్టును. ఈ సంకేతమును 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, రాబ్ పైక్ ఎదుట, బల్లమీది కాగితముపై రచించినవాడు ఆ కెన్ థాంప్సనే. పేరును వస్తువునుండి వేరుచేసిన చేయియే ఆ పేరును తెలుగులో వ్రాసికొను వీలును గూడ కల్పించినది.

ఇక ముగింతుము. ఆ రాత్రి తరువాత మేము ఆ కథకు రెండు డైరెక్టరీలలో రెండు పేర్లు పెట్టి, మా యువకునికి గర్వముగా చూపితిమి. అతడు జాబితా చూచి, రెంటికెదురుగను ఉన్న ఒకే నంబరును వ్రేలితో చూపి, “రెండు పేర్లు రెండు ప్రతులు కావు సార్” అనెను. ఒక పేరు పొరపాటున పోయినచో రెండవది కాపాడును, నిజమే. కాని డిస్కు పాడైనచో రెండు పేర్లును ఒకే గోతిలో పడును. ఒక పేరున తెరచి సరుకును చెడగొట్టినచో రెండవ పేరునను చెడినదే కనబడును. కాపుదల కోరువారు ఆ సరుకునే వేరొక డిస్కుమీదికి, వీలైనచో వేరొక కప్పు క్రిందికి చేర్చవలెను. ఆ మరునాడు మేము ఆ పనియే చేసితిమి.

మీ యింటిలో ఒక్కచోట మాత్రమే ఉన్న కంఠమేదో, ముఖమేదో ఈ రాత్రి ఒకమారు తలచుకొనుడు. దానికి ఎన్ని పేర్లున్నవని కాదు, ఎన్ని ప్రతులున్నవని లెక్కించుకొనుడు. ఒక్కటే అయినచో, రేపు ఉదయము దానిని రెండు చేయుడు. ‘ఆపకండి’ అని కేకవేయువాడు ప్రక్కగదిలో ఎల్లప్పుడును ఉండడు.